వాగు అవతలి ట్రైలర్

వెర్నా గరిటెతో ఒక బీన్స్ గింజ తీసి వేళ్ళ మధ్య నొక్కి చూసింది. ఇంకా పలుకుంది. గిన్నె మీద మూత పెట్టి, మంట తగ్గించి, తాను కాపురముంటున్న ఇంటి బండి కింద నుంచి బయటికి చాచి ఉన్న బూటుకాళ్ళ వైపు చూసింది.

"ఊడిందా రాయిస్?"

"ఊడక ఎక్కడికి పోతుంది? మీ బండి ముసలిదే గానీ మాట వింటుంది అమ్మగారూ. నా ట్రక్కులాగా మొండిది కాదు."

రాయిస్ వెల్లకిలా జారుకుంటూ బయటికొచ్చాడు. నలభై దాటిన మనిషి, ఎప్పుడూ నవ్వుమొహమే. నూనె జిడ్డు పట్టిన స్టార్టర్ మోటారును పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లో పట్టుకున్నాడు.

"లోపల బ్రష్షులు అరిగిపోయాయి. ఊళ్ళో నాకు తెలిసినవాడున్నాడు, వాడికిచ్చి బాగుచేయించి తెస్తా. ఆ బీన్స్ మాత్రం నాకు కాస్త మిగల్చండి."

"నీకు కాక ఎవరికి మిగులుస్తాను? ఇక్కడ కుందేళ్ళు కూడా తినవు నా వంట."

అతను గట్టిగా నవ్వి, స్టార్టర్‌ను ట్రక్కులో పడేసుకుని వెళ్ళిపోయాడు. అతని ట్రక్కు ఎప్పుడూ ఎండిపోయిన ఇసుక వాగుకు ఇటువైపు, వెర్నా బండికి కాస్త అవతల, గట్టినేల మీదే ఉంటుంది. అతనూ భార్యా ఉండే ట్రైలర్ మాత్రం వాగుకు అటువైపు మిట్ట మీద ఉంది. వాన కురిసి ఇసుక బిగిసి ఉన్న రోజున దాన్ని అక్కడికి లాక్కెళ్ళి పెట్టాడు. ఇప్పుడా ఇసుకలో దిగితే ట్రక్కు చక్రాలు సగానికి కూరుకుపోతాయి.

ట్రక్కు లేపిన దుమ్ము మెల్లగా నేలకు దిగింది. వెర్నా ఉల్లిపాయ తరగడం మొదలెట్టింది. శీతాకాలపు ఎండ అప్పుడప్పుడే వీపును వెచ్చబెడుతోంది. గాలి లేవకముందే వంట ముగించాలి. గాలి లేస్తే గ్యాసు మంట నిలవదు, మూకుడులో ఇసుక పడుతుంది. పొద్దున తిన్న పళ్ళేన్ని పాత పేపరుతో తుడిచి, సీసాలోని నీళ్ళు కొద్దికొద్దిగా చిమ్మి, మళ్ళీ తుడిచింది. ఎడారిలో అంట్లు తోమడమంటే అంతే.

తలెత్తేసరికి వాగులో నడిచొస్తున్న మనిషి కనిపించింది. రాయిస్ భార్య కోలీన్. నేలను చూసుకుంటూ, అడుగడుగుకీ ఆగుతూ వస్తోంది. దగ్గరికొచ్చాక గాని వెర్నాకు కారణం తెలియలేదు. ఆమె కాళ్ళకు బూట్లు లేవు. ఉన్నవి మేజోళ్ళు మాత్రమే.

"కొంచెం బేకింగ్ పౌడర్ ఉంటే ఇస్తారా? ఆయన వచ్చేసరికి మొక్కజొన్న రొట్టె చెయ్యాలి. మొన్న చేసింది అట్టముక్కలా వచ్చింది" అంది కోలీన్. అంటూనే ఒంటికాలి మీద నిలబడింది.

"ముందు కూర్చో. ఆ కాలు ఇటు చూపించు."

మడమలో చోయా జెముడు ముక్క ఒకటి గుచ్చుకుని ఉంది. ఆ మొక్క కణుపులు ఊడి నేలంతా దొర్లుతుంటాయి. పక్కనుంచి పోయినా అంటుకుంటాయి. చేత్తో లాగితే చేతికి పట్టుకుంటాయి. వెర్నా దువ్వెన తెచ్చి, దాని పళ్ళను ముల్లు ముక్క కింద దూర్చి ఒక్క ఊపున ఎగరేసింది. కోలీన్ పెదవి కొరుక్కుంది గాని అరవలేదు. విరిగి లోపల ఉండిపోయిన ముళ్ళను వెర్నా కళ్ళజోడు పెట్టుకుని పట్టకారుతో ఒక్కొక్కటే లాగసాగింది.

"బూట్లేవమ్మా?"

"ట్రక్కులో ఉండిపోయాయి."

"చెప్పులు?"

"అవీ అందులోనే."

వెర్నా పట్టకారు ఆపింది. ఆ మేజోళ్ళ అడుగులు అరిగి జల్లెళ్ళయ్యాయి. ఒక్క పూటలో అంతలా అరగవు. పాదం నిండా మానిన గాట్లు, మానుతున్న గాట్లు.

"ఎప్పుడూ ట్రక్కులోనే ఉంటాయా?"

కోలీన్ వాగు వైపు చూసింది, తర్వాత రోడ్డు వైపు చూసింది. "నేను దారి తప్పుతానని ఆయన భయం. ఒకసారి నడుచుకుంటూ చాలా దూరం పోయాను. అప్పట్నుంచీ ట్రక్కులో పెట్టి తాళం వేస్తారు. ఎవరితో అనకండి. చాలా మంచి మనిషి. మీ బండి కూడా బాగుచేస్తున్నారుగా?"

"ట్రక్కు తాళం చెవి?"

"వెనక చక్రం మీద పెడతారు. దానికి దాపరికం లేదు." ఆమె నవ్వబోయింది. "అక్కడిదాకా ఎవరు పోతారు ఈ ముళ్ళల్లో, అదీ ఆయన ఇంట్లో ఉండగా?"

వెర్నా లేచి పిండి డబ్బా తీసింది. ఇద్దరూ కలిసి మొక్కజొన్న పిండి కలిపారు. మూకుడును ముందు బాగా కాలనిచ్చి, నెయ్యిలా కరిగిన పంది కొవ్వు ఒక చెంచా వేసి, పిండి పోయగానే అది చుయ్యిమని అంచుల దగ్గర ముడుచుకుంది. "ఇదీ కిటుకు. చల్లటి మూకుట్లో పోస్తే అట్టముక్కే అవుతుంది" అంది వెర్నా. కోలీన్ ఆ వాసనకు కళ్ళు మూసుకుంది. అంచు విరిచి నోట్లో పెట్టుకుని, మొదటిసారి నిజంగా నవ్వింది.

దూరాన దుమ్ము లేచింది. నవ్వు దీపం ఆర్పినట్టు ఆరిపోయింది. రొట్టెను గుడ్డలో చుట్టుకుని, ముళ్ళున్నాయో లేవో చూడకుండానే, కోలీన్ వాగులోకి పరుగెత్తింది.

మధ్యాహ్నం వెర్నా హార్లన్ దగ్గరికి నడిచి వెళ్ళింది. మట్టిబాట తారురోడ్డులో కలిసేచోట, చిన్న ట్రైలర్‌లో, ముసలి కుక్కతో ఉంటాడాయన. ఈ చుట్టుపక్కల ఈ నలుగురు తప్ప ఇంకెవరూ లేరు. ఫోను సిగ్నల్ కావాలంటే రాళ్ళగుట్ట ఎక్కాలి. ఎక్కినా ఒక్కోసారి దొరకదు.

హార్లన్ అంతా విని కుక్క చెవులు గోకుతూ కూర్చున్నాడు.

"ఆ పిల్ల మతిమరుపుదేమో. పోయిన వారం నా హీటరు బాగుచేసింది రాయిసే. పైసా ముట్టలేదు. అలాంటి మనిషి పెళ్ళాం చెప్పులు దాస్తాడా?"

"ఆమె పాదాలు నేను చూశాను హార్లన్."

"మొగుడూ పెళ్ళాల మధ్య సవాలక్ష ఉంటాయి. మనం దూరితే మనకే చెడ్డపేరు. నువ్వు ఒక్కదానివే ఉంటున్నావు కదా, ఏవేవో ఆలోచనలొస్తాయి. నాకూ వస్తుంటాయి."

వెర్నా వెనుదిరిగింది. చెంపలు వేడెక్కాయి. తిరిగొచ్చేసరికి ఆమె గుడ్డ పందిరి కింద, ఆమె కుర్చీలో, రాయిస్ కూర్చుని ఉన్నాడు. మొక్కజొన్న రొట్టె తింటున్నాడు.

"భలే మెత్తగా వచ్చింది అమ్మగారూ. మా ఆవిడ చేతి వంట కాదిది."

"బేకింగ్ పౌడర్ ఇచ్చాను, అంతే."

"అంతేనా?" అతను నవ్వాడు. ఎప్పటి నవ్వే. ముక్క నోట్లో వేసుకుని తీరిగ్గా నమిలాడు. "ఎక్కడికి వెళ్ళొస్తున్నారు, హార్లన్ దగ్గరికా? మంచి ముసలాయన. మీ స్టార్టర్ సంగతి చెప్దామనే వచ్చాను. అది ఇప్పట్లో అయ్యేట్టు లేదు. సామాను దొరకాలంటున్నాడు మావాడు."

"ఎన్నాళ్ళు?"

"తొందరేముంది? ఎక్కడికన్నా వెళ్ళాలా?" లేచి, ఒళ్ళో రాలిన పొడిని జాగ్రత్తగా దులుపుకున్నాడు. "బండి కదలదు, చుట్టూ మనుషులు లేరు. రాత్రిపూట తలుపు గడియ వేసుకోండి. ఏమన్నా కావాలంటే నేను పక్కనే ఉన్నానుగా."

అతను వాగు దాటిపోయేదాకా వెర్నా అలాగే నిలబడింది. తర్వాత లోపలికెళ్ళి గడియ వేసింది. అది పలచటి రేకు తలుపు. గడియ చిటికెన వేలంత ఉంది. ఇన్నాళ్ళూ అది చాలనే అనుకుంది. ఇప్పుడు చేత్తో ఊపి చూస్తే బండి మొత్తం కదిలినట్టనిపించింది. స్టీరింగు ముందు కూర్చుని తాళం తిప్పింది. ఏ చప్పుడూ రాదని తెలిసే తిప్పింది.

మర్నాడు ఆమె బయట పొయ్యి వెలిగించలేదు. లోపలే, కర్టెన్లు వేసుకుని, గుడ్డు వేయించుకుంది. నూనె చిటపటలకు బయటి అడుగుల చప్పుడు వినిపించదేమోనని మధ్యలోనే పొయ్యి ఆర్పేసింది. సగం ఉడికిన గుడ్డు సహించలేదు. కర్టెన్ సందులోంచి చూస్తే వాగు అవతల కోలీన్ బట్టలు ఆరేస్తోంది. ట్రైలర్ మెట్టు మీదే నిలబడి, అందినంత మేర తాడు మీదికి విసురుతోంది. నేల మీదికి దిగడం లేదు. ఒక తువ్వాలు జారి కింద పడింది. కోలీన్ దాని వైపు చూసింది, చుట్టూ చూసింది. దిగలేదు. రాయిస్ వచ్చి తువ్వాలు తీసిచ్చి, ఆమె జుట్టు నిమిరి వెళ్ళాడు. దూరం నుంచి చూస్తే ఎంత ముచ్చటైన జంట!

వెర్నా తన మంచం కింద నుంచి నడక బూట్లు బయటికి లాగింది. ఆమెకున్న గట్టి బూట్లు అవొక్కటే. కోలీన్ పాదానికి కాస్త వదులవుతాయి గాని రెండు జతల మేజోళ్ళు వేసుకుంటే సరిపోతాయి. వాటిని ఎదురుగా పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఇచ్చి పట్టుబడితే? కదలని బండి, చిటికెన వేలంత గడియ. అసలు కోలీన్‌కు వెళ్ళాలని ఉందా? ఆ పిల్ల అడగనైనా అడగలేదే! తనకు తాను ఎన్ని సాకులు చెప్పుకున్నా ఆ అరిగిన మేజోళ్ళే కళ్ళ ముందు మెదులుతున్నాయి.

సాయంత్రం పిండి కలిపి, చిన్న చిన్న రొట్టెలు కాల్చింది. మొదటి వాయి మాడింది. మూతున్న పెద్ద ఇనప గిన్నె అడుగున బూట్లు పెట్టి, మీద తువ్వాలు కప్పి, దాని మీద సరిగ్గా ఇమిడేలా పళ్ళెం బిగించి, పళ్ళెం నిండా వేడి రొట్టెలు పేర్చింది. మూత పెట్టింది. గుడ్డ చెప్పులు వేసుకుని, నేలను కళ్ళతో తుడుచుకుంటూ, గిన్నెను పొట్టకు ఆనించుకుని వాగు దాటింది.

రాయిస్ మెట్టు మీద కూర్చుని చాకు నూరుకుంటున్నాడు.

"ఏంటమ్మగారూ ఇంత బరువు మోసుకొచ్చారు?"

"నిన్న రొట్టె బాగుందన్నావుగా. వేడివేడిగా తింటారని."

అతను లేచి గిన్నె అందుకున్నాడు. చేతుల్లో ఒకసారి పైకీ కిందికీ ఊపి చూశాడు.

"రొట్టెలేనా? గుండ్రాయిలా ఉందే!"

"ఇనప గిన్నె కదా. మా అత్తగారిది. నా నడుం విరిచింది అదే."

అతను మూత తీశాడు. ఆవిరి మొహానికి కొట్టింది. పైన ఉన్నదొకటి తీసుకుని విరిచి, నోట్లో వేసుకున్నాడు. ఇంకోటి తీశాడు. పళ్ళెం ఒకవైపుకు ఒరిగింది. పళ్ళెం కింద నుంచి తువ్వాలు అంచు కనిపిస్తోంది.

"గుడ్డెందుకు కింద?"

"వేడి పోకుండా. లేకపోతే అడుగు చెమ్మగిల్లి పాడవుతాయి."

అతను నములుతూ ఆమె మొహంలోకి చూశాడు. చూస్తూనే ఉన్నాడు. ఆ తర్వాత మూత పెట్టేసి, వెనక్కి తిరక్కుండానే గిన్నెను తలుపులోకి చాపాడు.

"కోలీన్! ఇదిగో, రాత్రికి తిండి. గిన్నె కడిగి ఇచ్చెయ్ అమ్మగారికి."

"గిన్నె రేపు తీసుకుంటాలే" అంది వెర్నా గబగబా.

లోపల చీకట్లోంచి రెండు చేతులు వచ్చి గిన్నె అందుకున్నాయి. ఆ చేతులు బరువుకు ఒక్కసారి కిందికి దిగాయి, ఆగాయి. కోలీన్ మొహం కనిపించలేదు.

వెర్నా ఆ రాత్రి కూర్చునే కునుకు తీసింది. ఇంజను చప్పుడుకు మెలకువొచ్చింది. తూర్పున కొండల అంచు అప్పుడే తెల్లబడుతోంది. కర్టెన్ తొలగించేసరికి ట్రక్కు లైట్లు లేకుండా మట్టిబాట మీద పోతోంది. తారురోడ్డు దగ్గర ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఉత్తరంగా, పార్కర్ ఊరి వైపు మళ్ళింది. ఎర్ర దీపాలు అప్పుడు వెలిగాయి.

వాగు అవతల తలుపు బాదుకున్న చప్పుడు. రాయిస్ అరుస్తూ వచ్చాడు. ట్రక్కు ఉండాల్సిన చోట నిలబడి చుట్టూ తిరిగాడు, వెతికితే దొరుకుతుందన్నట్టు. ఆ తర్వాత వెర్నా తలుపు మీద పిడికిలి పడింది. రేకు అదిరింది. గూట్లో గిన్నెలు గలగలమన్నాయి. వెర్నా సింకు అంచు పట్టుకుని నోరు మూసుకుని నిలబడింది.

పిడికిలి ఆగిపోయింది. తర్వాత అడుగులు దూరమయ్యాయి, మళ్ళీ దగ్గరయ్యాయి.

"అమ్మగారూ! మీ స్టార్టర్ తెచ్చాను."

కిటికీలోంచి చూసింది. నిజంగానే అతని చేతిలో ఉంది. ఏ ఊరికీ పోలేదది, ట్రైలర్‌లోనే దాగుంది. అసలది చెడిపోయిందో లేదో!

"బిగిస్తాను. నన్ను తీసుకెళ్ళండి. ఆమెకు దారి తెలీదు. ఏమీ తెలీదామెకు." మాట చివర పగిలింది. "నేనిక్కడ ఒక్కణ్ణీ ఉండలేను."

ఆ మొహంలో నవ్వు లేదు. పిల్లాడి మొహంలా బోసిగా ఉంది. వెర్నాకు ఒక్క క్షణం జాలేసింది. ఆ జాలిని చూసుకుని ఇంకా భయమేసింది. వద్దంటే అతను ఇక్కడే ఉంటాడు, తానూ ఇక్కడే ఉంటుంది, ఆ రేకు తలుపుకు అటొకరూ ఇటొకరూ.

"బిగించు" అంది.

అతను బండి కిందకి దూరాడు. పానా చప్పుళ్ళు వింటూ ఆమె గ్యాసు సిలిండర్ కట్టేసింది, గుడ్డ పందిరి మడిచింది, చేతికందినవన్నీ గూళ్ళలోకి తోసింది. తాళం తిప్పగానే ఇంజను ఒక్క దగ్గు దగ్గి అందుకుంది. అతను పక్క సీట్లోకెక్కి తలుపు వేసుకున్నాడు.

"ఎటు పోయింది? మీకు కనిపించే ఉంటుంది."

"దక్షిణంగా" అంది వెర్నా, రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా. "యూమా వైపు."

"యూమాలో ఎవరున్నారు దానికి?" అని తనలో తానే గొణుక్కున్నాడు. బండి గతుకుల్లో ఊగుతూ కదిలింది. వెర్నా పాదాల్ని పెడల్స్ కిందికి వీలైనంత లోపలికి దాచుకుంది. గుడ్డ చెప్పులు. ఆమె బూట్లు ఎవరి కాళ్ళకు పోయాయో తెలియడానికి అతను ఒక్కసారి కిందికి చూస్తే చాలు. అతను చూడలేదు. గోళ్ళు కొరుక్కుంటూ అద్దంలోంచి ముందుకే చూస్తున్నాడు.

బాట చివర హార్లన్ ట్రైలర్ బయట పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది. ఆయన గరిటె పట్టుకుని నిలబడి, వస్తున్న బండిని చూశాడు. రాయిస్ కిటికీలోంచి బయటికి వంగి చెయ్యూపాడు.

"ఆపండి, ఆయన్నడుగుదాం. పొద్దున్నే కుక్కను తిప్పుతాడు కదా, చూసే ఉంటాడు."

ఆ సంగతే అప్పటిదాకా వెర్నాకు తట్టలేదు. ట్రక్కు హార్లన్ పక్కనుంచే పోయుంటుంది. చెప్పకపోవడానికి ఆయనకేం కారణముంది? రాయిస్ మంచివాడని నమ్మే మనిషి. బ్రేకు తొక్కక తప్పలేదు.

"హార్లన్! నా ట్రక్కు చూశావా? కోలీన్ తీసుకుపోయింది. ఎటు పోయింది?"

హార్లన్ బండి చుట్టూ తిరిగి వెర్నా వైపు తలుపు దగ్గరికొచ్చి, దాన్ని తెరిచాడు. "ఏమైంది వెర్నా, అలా ఉన్నావేంటి?" అన్నాడు. ఆయన చూపు ఆమె మొహం మీంచి స్టీరింగు పట్టుకున్న చేతుల మీదికి, అక్కణ్ణుంచి కిందికి జారింది. మొన్న వేసుకొచ్చిన బూట్లు లేవు. చూపు గుడ్డ చెప్పుల మీద ఆగింది.

"యూమా వైపే కదా హార్లన్?" అన్నాడు రాయిస్. "ఈవిడ అలాగే అంటోంది."

హార్లన్ ఇంకా ఆ చెప్పుల్నే చూస్తున్నాడు. మెడ దగ్గర నరం ఒకటి కదిలింది.

"అవును" అన్నాడు చివరికి. "యూమా వైపే. మంచి వేగం మీద పోయింది."

వెర్నా స్టీరింగు మీంచి చేతులు తియ్యలేదు.

"ఈ డొక్కు బండిలో నువ్వు పట్టుకోలేవు" అంటూ హార్లన్ తలుపు మూసేశాడు. "దిగు రాయిస్. నా ట్రక్కులో పోదాం. దారిలో పెట్రోలు బంకుల్లో అడుగుదాం."

రాయిస్ అప్పటికే దిగి పరుగెత్తాడు. హార్లన్ గరిటెను కిటికీలోంచి వెర్నాకు అందించాడు. "జావ అడుగంటుతుంది, చూడు" అన్నాడు మెల్లగా. ట్రక్కు తారురోడ్డెక్కి దక్షిణంగా మళ్ళింది.

వెర్నా దిగి పొయ్యి దగ్గరికెళ్ళింది. ఓట్స్ జావ అప్పటికే అడుగంటింది. మంట తగ్గించి, కలుపుతూనే ఉంది. ఉత్తరంగా చూసింది. ఖాళీ రోడ్డు. బండెక్కి తనూ పోవచ్చు. ఎవరు ఆపుతారు?

అప్పుడు తట్టిందామెకు. యూమాలో ట్రక్కు ఉండదు. ఏ బంకులోనూ ఎవరూ చూసి ఉండరు. అబద్ధం ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. బయటపడేటప్పుడు రాయిస్ పక్కన ఉండేది డెబ్భై దాటిన ముసలాయన. ఆ సంగతి తెలిసే ఎక్కాడాయన.

వెర్నా పొయ్యి కట్టేసింది. మాడని పైభాగం మాత్రం వేరే గిన్నెలోకి తీసి, పళ్ళెం మూసి, గాలికి ఎగిరిపోకుండా మీద రాయి పెట్టింది. కుర్చీ లాక్కుని రోడ్డుకు ఎదురుగా కూర్చుంది. కుక్క వచ్చి ఆమె చెప్పులకు ఆనుకుని పడుకుంది.

ఎండ నెత్తి మీదికొచ్చింది, పడమటికి జారింది. గాలి లేచి, సన్నటి ఇసుక చీలమండల్ని కొడుతోంది. రోడ్డు మీద చప్పుడైనప్పుడల్లా ఆమె సగం లేచి, మళ్ళీ కూర్చుంటోంది. లారీలు, ఇంటి బండ్లు. ఆకలి తెలియలేదు. జావ ముట్టబుద్ధి కాలేదు.

పొద్దు కొండల్ని తాకబోతుండగా దక్షిణం నుంచి ఒక ట్రక్కు వచ్చి, వేగం తగ్గించి, మట్టిబాటలోకి తిరిగింది. హార్లన్ ట్రక్కే. కానీ అద్దం మీద పొద్దు మంటలా మెరుస్తోంది. లోపల మనిషి ఒక్కడే ఉన్నట్టుంది. ఆ ఒక్కడూ ఎవరో తెలియడం లేదు. వెర్నా లేచి నిలబడింది. బండి తలుపు ఎంత దూరముందో చూసుకుంది.

కుక్క తలెత్తింది. చెవులు నిక్కించి, దుమ్ములోకి చూస్తూ ఒక్కసారి గుర్రుమంది. ఆ తర్వాత దాని తోక, ముందు చివర మాత్రమే, మెల్లగా నేల మీద ఆడసాగింది.

వెర్నా వంగి, హార్లన్ జావ వెచ్చబెట్టడానికి పొయ్యి వెలిగించింది.